సెలవు బండి

ఓబులేసు చేసిన బండి మూడోసారి షెడ్డుకొచ్చింది.

పొద్దున పదిన్నర. ఎండ అప్పుడప్పుడే రేకుల షెడ్డులోకి దూరుతోంది. ఆ తెల్లకారు నంద్యాల బైపాస్ మీద నుంచి మెల్లగా మలుపు తిరిగి, దస్తగిరి ఉస్తాద్ వీల్ అలైన్‌మెంట్ షెడ్డు ముందు ఆగింది. దాన్ని చూడగానే ఓబులేసు మొహం మాడిపోయింది. చేతిలో ఉన్న పానా కింద పెట్టాడు. మళ్ళీ ఎందుకో తీసుకున్నాడు.

నేను పక్క షాపువాణ్ణి. టైర్లు అమ్ముతాను. శెట్టి అంటే ఈ బైపాస్‌లో ఎవరైనా చూపిస్తారు. మా రెండు కొట్లకూ మధ్య గోడ లేదు, పాత లారీ టైర్ల వరస ఒకటి ఉంది, అంతే. అక్కడ మాట్లాడేది ఇక్కడికి వినపడుతుంది. వినపడకపోతే నేనే లేచి అక్కడికి పోయి వింటాను. దాచుకోవడం దేనికి, నా గుణం అది.

దస్తగిరి ఉస్తాద్‌కు అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళు బండ్ల చక్రాలకు నూలుదారం పట్టి అలైన్‌మెంట్ చేసినాడు. ఆరేళ్ళ కిందట ఓబులేసు పోరు పెట్టగా పెట్టగా ఉస్తాద్ కెమెరాల మిషన్ కొన్నాడు. ముసలోడు దాన్ని తిడతాడేమో, దారమే గొప్పదంటాడేమో అని నేను కాచుకుని కూర్చున్నా. అట్లాంటిదేమీ లేదు. మొదటి దినం స్టూలు వేసుకుని సాయంత్రం దాకా దాని ముందే కూర్చుని, "మంచి మిషన్. నా కండ్లకు సెలవు దొరికింది" అన్నాడు.

ఓబులేసుది అహోబిలం దగ్గర పల్లె. ముప్పై నాలుగేళ్ళవాడు, పెండ్లి అయింది, ఇద్దరు ఆడపిల్లలు. ఎనిమిదేళ్ళ నుంచి ఉస్తాద్ దగ్గరే పని. చెయ్యి మంచిది. మాట కూడా మంచిదే, కాకపోతే ఈ మధ్య ఆ మిషన్ మాట్లాడేటప్పుడు ఇంకొకరి మాట వాడి చెవికి ఎక్కడం లేదు. ఆళ్ళగడ్డలో సొంతంగా కొట్టు పెట్టుకోవాలని వాడి ఆశ. షట్టరు మాట్లాడుకున్నాడు, బోర్డు రాయించుకున్నాడు, వాళ్ళావిడ గాజులు కుదువ పెట్టి సెకండ్‌హ్యాండ్ మిషన్ కూడా తెచ్చుకున్నాడు. ఒక్కటే మిగిలింది. ఉస్తాద్ సెలవియ్యాలి.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. శిష్యుడు సెలవడిగిన తర్వాత షెడ్డుకు వచ్చే మొట్టమొదటి బండి వాడిదే. ఉస్తాద్ చెయ్యి పెట్టడు, నోరు తెరవడు. పని అంతా శిష్యుడిదే. ఆ బండి తోలేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు 'బాగుంది' అనాలి. అంటే సెలవు దొరికినట్టు. దాన్ని మేము 'సెలవు బండి' అంటాం. ఓబులేసుకు ముందు నలుగురు అట్లానే పోయినారు. ఒకడు కడపలో, ఒకడు బనగానపల్లెలో, ఇద్దరు కర్నూలులో చల్లగా బతుకుతున్నారు. వాళ్ళ నలుగురి బండ్లూ ఒక్క దఫాతోనే తేలిపోయినాయి.

ఓబులేసు సెలవడిగిన గురువారం మధ్యాహ్నమే ఈ తెల్లకారు వచ్చింది. పంపించింది నేనే.

కారు సుంకులమ్మ మేడంది. అంగన్‌వాడీ సూపర్‌వైజరు. పాణ్యంలో ఇల్లు. చుట్టుపక్కల తండాల్లో, పల్లెల్లో ఇరవైకి పైగా సెంటర్లు ఆమె చూసుకోవాలి. పోయినేడు దాకా బస్సు, ఆటో, అవి రెండూ లేకపోతే కాళ్ళు. నలభై ఏడేళ్ళ వయసులో డ్రైవింగ్ నేర్చుకుని, పాత కారు ఒకటి కొనుక్కుంది. కొన్న వారానికే నా కొట్టు ముందు ఆపి, "శెట్టీ, గాలి చూడు" అన్నప్పుడు ఆ మొహం చూడాల్సింది. పదో తరగతి పాసైన పిల్ల మొహం అట్లా ఉంటుంది.

తండాల దారిలో రాళ్ళు బండి అడుగున కొడుతున్నాయి అనింది. నేను ఊరుకుంటానా? "చక్రాలు ఒక అంగుళం పెంచుకోండి మేడం. పదమూడు తీసేసి పద్నాలుగు వేద్దాం, బండి పైకి లేస్తుంది" అన్నా. అల్లాయ్ రిమ్ములు, వెడల్పు టైర్లు, నాలుగూ బిగించా. "చక్రం సైజు మారింది కాబట్టి అలైన్‌మెంట్ తప్పకుండా చేయించుకోవాల, లేకపోతే టైర్లు ఒకపక్కే అరుగుతాయి" అని పక్కకే పంపించా. ఇంతవరకు అంతా న్యాయమే.

ఓబులేసు చేసిచ్చాడు. వారం దినాలకు ఆమె తిరిగొచ్చి, "ఎడమకు లాగుతాంది" అనింది. మళ్ళీ చేశాడు. ఇంకో ఆరు దినాలకు మళ్ళీ వచ్చింది.

అదే ఇది, మూడోసారి.

సుంకులమ్మ కారు దిగి తలుపు మెల్లగా వేసింది. "ఓబులేసూ, ఇంకా ఎడమకే పోతాంది నాయనా."

"ఎట్ల పోతాది మేడం? పోయినసారి మీ కండ్ల ముందే చూపించినా కదా. అన్నీ పచ్చగా ఉన్నాయి."

"పచ్చగానే ఉన్నాయి. నేను కాదనలేదు. అయినా పోతాంది."

ఓబులేసు కారును ర్యాంపు మీదికి ఎక్కించాడు. నాలుగు చక్రాలకూ నాలుగు క్లాంపులు తగిలించాడు. క్లాంపు అంటే మూడు గోళ్ళతో రిమ్ము అంచును పట్టుకునే చట్రం. దాని మీద ఒక పలక ఉంటుంది. ముందు స్తంభం మీదున్న కెమెరాలు ఆ పలకలను చూసి, చక్రం ఎటు తిరిగింది, ఎటు వాలింది అని లెక్క చెప్తాయి. సరిగ్గా ఉంటే అంకె పచ్చగా, తప్పుంటే ఎర్రగా పడుతుంది. ఓబులేసు వేళ్ళు తెరమీద చకచకా ఆడాయి. నాలుగు నిమిషాల్లో పచ్చటి అంకెలు వరసగా వచ్చాయి. కాగితం బయటికొచ్చింది.

"చూడండి మేడం." కాగితం చేతికిచ్చి మర్యాదగానే చెప్పాడు. "బండిలో ఏం ల్యా. మీరు కొత్తగా నేర్చుకున్నారు. టైరు పెద్దదయింది, వెడల్పయింది. స్టీరింగ్ బరువు తెలుస్తాది. మీ చెయ్యే అలవాటు పడాల."

వాడు గట్టిగా అరిచి ఉంటే ఆమె కూడా అరిచేది. బయట ఆమె నోరు సామాన్యమైంది కాదు, తండాల్లో కోడిగుడ్లు ఎగ్గొట్టే కాంట్రాక్టర్లను అడగండి చెప్తారు. కానీ మెత్తగా మాట్లాడేవాడితో ఎట్లా కొట్లాడేది? కాగితం వైపు చూస్తూ నిలబడింది.

"అంతేలే అయితే," అనింది. "నాకే రాదేమో. మా ఆయనా అదే అంటాండాడు."

"ఏమంటాడు మేడం?" నేను టైర్ల వరస దాటి ఇవతలికి వచ్చేశా.

"ఆయన లెక్కల సారు కదా శెట్టీ, అంకె చూస్తే దేవుణ్ణి చూసినట్టే. నేను నడుపుతుంటే బండి పక్కకు పోవడం ఒకసారి చూసినాడు. అంతే, గుండె జారిపోయింది మనిషికి. ఓబులేసు ఇచ్చిన రెండు కాగితాలూ క్యాలెండరు మేకుకు తగిలించినాడు. ఎవరొచ్చినా చూపించేది, 'బండికి ఏ రోగమూ లేదు, రోగమంతా మా ఆవిడ చేతుల్లోనే' అనేది. ఆదివారం కొనేవాళ్ళు వస్తారంట. బండి అమ్మేసి, మళ్ళీ బస్సు ఎక్కమంటాండాడు." కాగితం నాలుగు మడతలు పెట్టింది. "ఇదొకటి నయమైంది. కొనేవాళ్ళకు చూపించనీకి పనికొస్తాది."

ఆ మాటలు కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు ఇంకా బాధేసింది. చక్రాలు మార్పించిన పాపం నాది కదా.

ఓబులేసు మొహం మాత్రం తేలిక పడింది. నేను చూశాను, అబద్ధమెందుకు. వాడు చెడ్డవాడు కాదు. కానీ రెండు వారాలుగా ఆళ్ళగడ్డలో షట్టరు మూసి ఉంది, బాడుగ మీద పడుతోంది, ఇంట్లో గాజులు లేని చేతులు కనబడుతున్నాయి. ఆ బండి అమ్ముడుపోతే ఇంక తిరిగి రాదు.

వాడు ఉస్తాద్ వైపు తిరిగాడు. "ఉస్తాద్, మేడం బండి అమ్మేస్తాందంట. రిపోర్టు కూడా బాగుంది. ఇంక నా సంగతి…"

దస్తగిరి ఉస్తాద్ అంతసేపూ షెడ్డు మూల స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆచారం ప్రకారం ఈ రెండు వారాలూ ఆ బండి జోలికి పోలేదు, ఒక్క మాట అనలేదు. గ్లాసు స్టూలు కింద పెట్టి లేచాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఆ కాగితం సుంకులమ్మ చేతిలోంచి అడిగి తీసుకుని, మడతలు విప్పి, కారు బానెట్ మీద పరిచాడు.

"అమ్మా, ఏమనుకోవద్దు. నీ చేతులు రెండూ ఈ కాగితం పక్కన పెడతావా?"

ఆమెకు అర్థం కాలేదు. అయినా పెద్దాయన మాట అని పెట్టింది.

"తిప్పమ్మా."

అరచేతులు పైకి తిప్పింది.

ఎడమ అరచెయ్యి మామూలుగా ఉంది. కుడి అరచేతిలో వేళ్ళ మొదట్లో వరసగా నాలుగు ఎర్రటి కమిలిన మచ్చలు. చూపుడు వేలి కిందిది బొబ్బయి, చితికి, పచ్చిగా ఉంది. దాని మీద పసుపు రాసుకుంది.

ఉస్తాద్ ఓబులేసును దగ్గరికి పిలిచాడు.

"రెండూ రిపోర్టులే బేటా. చదువు."

అంతే అన్నాడు. పోయి స్టూలు మీద కూర్చుని మిగిలిన టీ తాగాడు.

ఓబులేసు బానెట్ ముందు నిలబడిపోయాడు. కాగితం చూశాడు. చెయ్యి చూశాడు. ఎండ ఆ రెండింటి మీదా పడుతోంది. నేను కూడా మెడ చాచి చూశాను.

"కొత్తగా నేర్చుకున్నోళ్ళు స్టీరింగ్ గట్టిగా పట్టుకుంటారు ఉస్తాద్," అన్నాడు చివరికి.

"రెండు చేతులూ కొత్తవే కదా," అన్నాడు ఉస్తాద్.

ఓబులేసు సుంకులమ్మ వైపు చూసి, "ఇది ఎప్పటి నుంచి మేడం?" అని మెల్లగా అడిగాడు.

"చక్రాలు మార్చిన రెండో దినం నుంచి. బండి ఎడమకు పోతాంటే కుడికి గుంజి పట్టుకోవాల కదా నాయనా. పాణ్యం నుంచి ఇక్కడికి వచ్చేలోపల భుజం కూడా పీకుతాది. నేను చెప్పినా కదా."

చెప్పింది. రెండుసార్లు వచ్చి చెప్పింది. నేను విన్నాను, వాడూ విన్నాడు.

ఓబులేసు క్లాంపులు నాలుగూ ఊడదీశాడు. మొదటి నుంచి మొదలు పెట్టాడు. మళ్ళీ తగిలించాక తెరమీద మిషన్ ఒక ప్రశ్న అడిగింది. అది ప్రతి బండికీ అడుగుతుంది: చక్రాన్ని కొంచెం వెనక్కి, ముందుకు దొర్లించి చూపించు అని. క్లాంపు ఏమైనా వంకరగా కూర్చుని ఉంటే ఆ దొర్లింపులో బయటపడుతుంది. వద్దనుకుంటే దాటేసే బటన్ కూడా ఉంది. తెలిసిన బండ్లు, తెలిసిన రిమ్ములు, ఎనిమిదేళ్ళ చెయ్యి. ఓబులేసు ఎప్పుడూ ఆ బటనే నొక్కేవాడు. అందులో రెండు నిమిషాలు మిగులుతాయి. ఈ కారుకు కూడా మూడుసార్లూ అదే నొక్కాడు.

ఈసారి నొక్కలేదు. "శెట్టి మామా, ఒక చెయ్యి వెయ్యి" అన్నాడు. ఇద్దరం కారును జానెడు వెనక్కి తోసి, జానెడు ముందుకు లాగాం.

తెరమీద ఎడమ ముందు చక్రం అంకె ఎర్రగా అయింది. కొంచెం కాదు. మిరపపండు ఎరుపు.

ఓబులేసు ఆ చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. క్లాంపు ఊడదీసి, రిమ్ము అంచు వెంట వేలు పెట్టి మెల్లగా తడుముకుంటూ పోయాడు. గాలి నింపే వాల్వు దగ్గర వేలు ఆగింది. గోరుతో గీకి, దేన్నో పీకి, అరచేతిలో పెట్టుకుని లేచాడు.

మందపాటి వెండిరంగు స్టిక్కరు. రిమ్ము కంపెనీ వాళ్ళు అంటించేది. క్లాంపు పైగోరు ప్రతిసారీ దాని మీదే కూర్చుంది. చట్రం వాలింది, చట్రంతో పాటు పలక వాలింది. కెమెరా చూసేది పలకనే కదా, చక్రం వాలిందనుకుంది. ఓబులేసు బాగున్న చక్రాన్ని వంచి, అంకె పచ్చగా చేశాడు.

ఆ స్టిక్కర్లు పీకాల్సింది నేను. బిగించే దినం మూడు పీకాను. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ ఫోను, ఉల్లిగడ్డలు తెమ్మని. ఉల్లిగడ్డలు తీసుకుపోయాను, ఇది మరిచాను.

"ఉస్తాద్, ఇది నా…" అని నసిగాను.

ఉస్తాద్ నన్ను ఎగాదిగా చూశాడు. "మూడు పీకినోడివి, నాలుగోదానికి చేతులు పడిపోయినాయా శెట్టీ?"

"మామ తప్పు కాదు ఉస్తాద్," అన్నాడు ఓబులేసు. వాడు తలెత్తలేదు. "నేను దొర్లించింటే మొదటి దినమే దొరికేది. మేడం మాట వినింటే రెండోసారి వచ్చినప్పుడే దొరికేది."

ఆ తర్వాత అరగంట షెడ్డులో పానాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. వాడు ఒక్కో చక్రం దగ్గరా కూర్చుని, చూసి, బిగించి, మళ్ళీ చూశాడు. అంకెలు పచ్చబడ్డాక కూడా లేవకుండా ఇంకొకసారి దొర్లించమన్నాడు. నా నడుము విరిగింది, నోరు మూసుకుని తోశాను.

"రండి మేడం. మీరే నడపండి," అన్నాడు.

ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది. వాడు పక్కన, నేను వెనక. ఉస్తాద్ రాలేదు. బైపాస్ ఎక్కాం. ఎక్కగానే కారు సర్రున కుడివైపు జరిగింది.

"అయ్యో, ఇప్పుడు ఇటు పోతాందే!" అనింది సుంకులమ్మ.

"మీరు గుంజుతాండారు మేడం. ఇన్ని దినాలూ గుంజి గుంజి చెయ్యికి అలవాటైపోయింది. ఇంక గుంజే పని ల్యా. వదులుగా పట్టుకోండి, అదే పోతాది."

ఆమెకు నమ్మకం కుదరలేదు. కుదరనే కుదరదు కదా, ఇన్నాళ్ళూ నీ చెయ్యే మంచిది కాదన్న మనిషే ఇప్పుడు చెయ్యి వదులు అంటున్నాడు. ఒక పాలవ్యాను మమ్మల్ని దాటిపోయింది. రోడ్డు ఖాళీ అయింది. ఆమె వేళ్ళు ఒకటొకటిగా సడలించింది. బొబ్బ ఉన్న చెయ్యి స్టీరింగ్ మీద ఊరికే ఆనించి పెట్టింది.

కారు తిన్నగా పోయింది. శనగచేలు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి, తెల్లగీత అంగుళం అటూ ఇటూ కాకుండా పక్కనే వస్తోంది.

సుంకులమ్మ పక్కున నవ్వింది. ఒక్కసారి కాదు, నవ్వుతూనే ఉంది. కండ్లలో నీళ్ళు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ, "శెట్టీ, చూస్తాండావా? చూస్తాండావా?" అంటోంది. నేను చూస్తూనే ఉన్నా తల్లీ, ముందు నువ్వు రోడ్డు చూడు అన్నాను.

తిరిగి షెడ్డు దగ్గర ఆపాక ఆమె దిగింది. ఉస్తాద్ స్టూలు మీద నుంచి చూస్తున్నాడు. ఓబులేసు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు ఆమె 'బాగుంది' అంటే వాడి పని అయిపోయినట్టే. నేను మనసులో అను తల్లీ, అను అనుకుంటున్నా.

"బాగుంది," అనింది సుంకులమ్మ.

నేను అప్పుడే ఓబులేసు వీపు తట్టబోయాను.

"బాగుంది, కానీ నాకు తెలిస్తే ఏం లాభం నాయనా? మా ఇంట్లో మేకుకు రెండు కాగితాలు వేలాడుతాండాయి."

ఓబులేసు చటుక్కున మిషన్ వైపు తిరిగాడు. కాగితం తీయడానికి చెయ్యి కూడా చాచాడు. ఏమనుకున్నాడో, ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కుళాయి దగ్గరికి పోయి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. చొక్కా మార్చుకున్నాడు.

"పదండి మేడం. నేనే వచ్చి సారుకు చెప్తా."

ఆమె కారు తోలింది. వాడు పక్క సీట్లో కూర్చున్నాడు. ఇద్దరూ పాణ్యం వైపు పోయినారు. ఉస్తాద్ ఆపలేదు, పొమ్మనలేదు.

నాకు ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఇద్దరు గిరాకీలకు చెప్పాల్సిన ధర కంటే తక్కువ చెప్పేశాను.

నాలుగు గంటలకు ఓబులేసు బస్సు దిగి వచ్చాడు. నేను టైర్ల వరస ఎట్లా దాటానో నాకే తెలియదు.

"ఏమైందప్పా? సారు ఏమన్నాడు?"

వాడు నీళ్ళు తాగి ఉస్తాద్ ముందు నిలబడి చెప్పాడు. "కాగితాలు తప్పు సార్, మేడం చెప్పిందే నిజం అన్నాను ఉస్తాద్. మిషన్ తప్పు చెప్తుందా అని అడిగినాడు. అది అడిగిన పని నేను చెయ్యలేదు సార్ అన్నాను. ఆయన లేచి కాగితాలు మేకు నుంచి తీసేసినాడు. తీసినాక మేడం చెయ్యి పట్టుకుని చూసినాడు."

"చూసి?"

"పది దినాలుగా పసుపు రాసుకుంటాంటే వంట దగ్గర కాల్చుకుందేమో అనుకున్నాడంట మామా. అడగలేదంట. చానాసేపు ఆ చెయ్యి వదల్లేదు. తర్వాత ఆయనే ఫోను చేసి, ఆదివారం రావద్దని చెప్పేసినాడు."

నేను పైకి చూసి దండం పెట్టుకున్నా. ఆదివారం బేరం పోయినందుకు అంత ఆనందపడిన వ్యాపారిని నేనే అయి ఉంటాను.

ఉస్తాద్ తల ఊపాడు. "అది సరే బేటా. పోయేటప్పుడు ఆమె పక్కన కూర్చున్నావు కదా. ఏం చూసినావు?"

ఓబులేసు పాణ్యం దారి వైపు చూశాడు.

"మేడం మలుపు రాకముందే గేరు దించుతాది ఉస్తాద్. నేను మలుపులోకి పోయినాక దించుతా. గొర్రెల మంద అడ్డమొస్తే హారన్ కొట్టలేదు. బండి ఆపి, అవి పోయేదాకా కూర్చుంది. గుంతలో దించేటప్పుడు కూడా చక్రం నొప్పి తెలిసినట్టు దించుతాది. నాకంటే బాగా తోలుతాది ఉస్తాద్."

దస్తగిరి ఉస్తాద్ స్టూలు మీద కొంచెం పక్కకు జరిగి, వాడికి కూర్చోవడానికి చోటిచ్చాడు. ఎనిమిదేళ్ళలో వాణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకోవడం నేను అప్పుడే చూశాను.

"ఆళ్ళగడ్డకు పొద్దున మొదటి బస్సు ఎన్ని గంటలకు?" అన్నాడు. "కొబ్బరికాయ నేను తెస్తా."